పెరటి దీపానికి బుద్ధి నేర్పడం

సన్నీవేల్‌లోని చాలా ఇళ్ళలో ఇంటి గోడకూ పొరుగువారి కంచెకూ నడుమ ఒక ఇరుకు సందు ఉంటుంది. చెత్త డబ్బాలు, తోటకు నీళ్ళు పెట్టే గొట్టం, గ్యాసు మీటరు, ఎవరూ వాడని సైకిలు అన్నీ అక్కడే చేరుతాయి. ఆ సందు దాటితే పెరడు. పెరటిలో ఒక తులసి మొక్క, కుండీలో కరివేపాకు. స్వదేశం నుండి వచ్చిన తల్లిదండ్రులు మొదటి రెండు మూడు వారాలు కాలభేదం వలన తెల్లవారుజామున మూడు గంటలకే లేచి కూర్చుంటారు. పిల్లల నిద్ర చెడుతుందని చప్పుడు చేయకుండా తలుపు తీసుకొని పెరటిలోకి వెళ్తారు.

ఆ సందు కోసమే ఇంటి చూరుకు ఒక ఫ్లడ్‌లైటు బిగించి ఉంటుంది. మనిషి కదలికను కనిపెట్టి తనంత తానే వెలిగేది. అయితే అది మనిషికే కాక పొరుగింటి పిల్లికీ, చెత్త డబ్బాలు వెదికే రకూనుకూ, గాలికి ఊగే కొమ్మకూ వెలుగుతుంది. అర్ధరాత్రి పొరుగువారి పడకగది కిటికీలో పట్టపగలు చేస్తుంది. వారు మర్యాదగా ఒకమాట అంటారు. ఇంటివారు విసిగి, లోపలి గోడమీది స్విచ్చి ఆర్పివేస్తారు. అప్పటినుండి ఇంటికి దీపం ఉండి కూడా సందులో చీకటే. తెలియని ఇంటిలో, అలవాటు లేని మెట్టు దగ్గర, డెబ్భై ఏళ్ళ మనిషి కాలు తడబడడానికి ఆ చీకటి చాలు.

కనుక ఈ దీపాన్ని ఇంటి పనులను కంప్యూటరు సాయంతో నడిపే హోమ్ ఆటోమేషన్ వ్యవస్థలో చేర్చడం కేవలం ఇంజనీర్ల కాలక్షేపం కాదు. స్విచ్చి ఆర్పవలసిన అవసరం లేకుండా దానిని ఎలా మర్యాదస్తురాలిని చేయాలన్నదే ప్రశ్న. ఆ పని చేయాలంటే ముందుగా అది దేనిని చూస్తున్నదో తెలియాలి.

దీపం కన్ను

ఫ్లడ్‌లైటు పెట్టెలో మూడు అవయవాలు ఇరుకుగా సర్దుకొని ఉంటాయి. కదలికను పసిగట్టే కన్ను; పగలా రాత్రా, ఎంతసేపు వెలగాలి అని తేల్చే చిన్నపాటి బుద్ధి; దీపానికి విద్యుత్తును కలిపే చేయి. ఈ మూడింటిలో రసాయనశాస్త్రానికి ఇష్టమైనది కన్ను.

ఆ కన్ను మనిషిని చూడదు. మనిషి వేడిని చూస్తుంది. వేడి ఉన్న ప్రతి వస్తువూ కిరణాలను వెలువరిస్తుంది. మన చర్మం దాదాపు 33 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. ఆ ఉష్ణోగ్రతలో అత్యధికంగా వెలువడే కిరణాల తరంగదైర్ఘ్యం తొమ్మిదిన్నర మైక్రాన్లు, అంటే కంటికి కనబడే ఎరుపు రంగు తరంగం కన్నా పదమూడు రెట్లకు పైగా పొడవు. ఇవి పరారుణ కిరణాలు. చిమ్మచీకటిలో కూడా మనుషులందరం ఈ అదృశ్యకాంతితో ప్రకాశిస్తూనే ఉంటాం.

ఈ కాంతిని పట్టేది ఒక ప్రత్యేక జాతి స్ఫటికం. కొన్ని స్ఫటికాలలో ధనావేశం, ఋణావేశం వాటి కేంద్రాలు ఒకేచోట కుదురుకోవు. అటువంటి స్ఫటికం కొంచెం వేడెక్కినా, చల్లబడినా ఆ దూరం మారి, దాని ముఖాలమీద విద్యుదావేశం పైకి తేలుతుంది. దీనిని తాపవిద్యుత్తు అనవచ్చు. సింహళం నుండి టూర్మలీన్ రాళ్ళను తెచ్చుకున్న డచ్చివారు వేడిచేసిన రాయి బూడిదను ఆకర్షించడం గమనించి, దానికి ‘బూడిదను లాగేది’ అని పేరు పెట్టారు. 1756లో ఎపినస్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ఆ ఆకర్షణ విద్యుత్తు వలన కలుగుతున్నదని చూపాడు. 1824లో డేవిడ్ బ్రూస్టర్ ఈ ధర్మానికి నేటికీ ఆంగ్లంలో వాడుకలో ఉన్న పేరు పెట్టాడు. నేటి సెన్సర్లలో టూర్మలీన్ ఉండదు. లిథియమ్ టాంటలేట్ గానీ, సీసం, జిర్కోనియమ్, టైటానియమ్‌ల ఆక్సైడులతో చేసిన పింగాణీ వంటి పదార్థం గానీ ఉంటుంది. డచ్చివారి బూడిద ఆటకూ మన చూరుకింది దీపానికీ సూత్రం మాత్రం ఒకటే.

ఇక్కడ గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. ఉష్ణోగ్రత మారుతున్నంతసేపే ఆవేశం పుడుతుంది; స్థిరపడగానే అణగిపోతుంది. అందుచేత ఈ కన్ను మార్పును మాత్రమే చూడగలదు. కదలకుండా నిలబడి సంధ్యావందనం చేసుకునే తాతగారు దాని దృష్టిలో ఒక నిమిషంలో అదృశ్యమై పోతారు. దీపం ఆరిపోతుంది. ఆయన చేయి ఊపితే మళ్ళీ వెలుగుతుంది. ఇది చాలా ఇళ్ళలో చూసిన వేడుకే.

సెన్సరులో అటువంటి స్ఫటికపు ముక్కలు రెండుంటాయి. వాటిని ఒకదానికొకటి ఎదురుగా కలుపుతారు. మబ్బు తొలగి ఎండ కాస్తే రెండూ సమానంగా వేడెక్కి ఒకదాని ఫలితాన్ని ఒకటి రద్దు చేసుకుంటాయి. మనిషి అడ్డంగా నడిస్తే ముందు ఒక ముక్కమీద, తరువాత రెండవదానిమీద అతని వేడి పడుతుంది. ఒక కెరటం లేస్తుంది. సెన్సరు ముందున్న తెల్లని ప్లాస్టిక్ గుల్ల పైకప్పు మాత్రమే కాదు, అది కటకం. ఫ్రెనెల్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దీపస్తంభాల కోసం కనిపెట్టిన పలుచని కటకాన్ని పలు ముక్కలుగా అచ్చువేసినది. అది ముంగిలినంతటినీ విసనకర్ర ఆకుల వలె విభజిస్తుంది. ఒక ఆకు నుండి మరొక ఆకుకు వేడి దాటినప్పుడల్లా కెరటం పుడుతుంది.

దీనినిబట్టి బిగించే చోటు నిర్ణయించుకోవాలి. సెన్సరుకు ఎదురుగా నడిచి వచ్చేవారు చాలాసేపు ఒకే ఆకులో ఉండిపోతారు. దగ్గరకు వచ్చిన తరువాత గాని వెలగదు. సందు చివర సందు పొడవునా చూసేలా బిగించడం చాలామంది చేసే పొరపాటు. మెట్టు దగ్గర, నడకకు అడ్డంగా చూసేలా తిప్పితే మొదటి అడుగుకే వెలుగుతుంది.

ఆ గుల్ల పాలిథీన్‌తోనే ఎందుకు చేస్తారు? గాజుతో చేయకూడదా? గాజు నిండా సిలికాన్, ఆక్సిజన్ బంధాలుంటాయి. అవి సరిగ్గా తొమ్మిది, పది మైక్రాన్ల దగ్గరనే కిరణాలను మింగివేస్తాయి. పాలిథీన్‌లో ఉన్నవి కార్బన్, హైడ్రోజన్ బంధాలూ కార్బన్, కార్బన్ బంధాలూ మాత్రమే. వాటి మింగుడు స్థానాలు మూడున్నర, ఏడు, పద్నాలుగు మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటాయి. మనిషి వేడి ప్రకాశించే మేర ఖాళీగా ఉంటుంది. మన కళ్ళకు పారదర్శకమైన గాజు ఈ కంటికి గోడ. మనకు మసకగా కనబడే పాలిథీన్ దానికి కిటికీ. కిటికీలోపల సెన్సరు పెట్టి వాకిలిని కాపలా కాయించాలనుకునేవారు నిరాశపడేది ఇందుకే. ఇంటికి రంగులు వేసేవారు ఆ గుల్లమీద కూడా ఒక పూత పూసిపోతే దీపం గుడ్డిదవుతుంది. కాలిఫోర్నియా ఎండకు ఏళ్ళ తరబడి మాడిన పాలిథీన్ కూడా పెళుసెక్కి, పగిలి, చూపు మందగిస్తుంది. సెన్సరు పాడైందని పారవేసే ముందు గుల్లను ఒకసారి పరిశీలించడం మేలు.

పరిసరాలకూ మనిషికీ వేడిలో తేడా ఉన్నప్పుడే ఇదంతా పనిచేస్తుంది. సన్నీవేల్‌లో వేసవి రాత్రులు కూడా చల్లగానే ఉంటాయి కనుక చూపు చక్కగా ఆనుతుంది. ఇదే దీపాన్ని రెంటచింతలకు తీసుకువెళ్తే మే నెలలో చీకటిపడ్డ తరువాత కూడా గోడలూ నేలా మనిషి చర్మమంత వేడిగా ఉంటాయి. అతడు వాటిలో కలిసిపోతాడు. అక్కడివారు రాడారు పద్ధతిలో రేడియో తరంగాలను పంపి, అవి తిరిగివచ్చే తీరునుబట్టి కదలికను కనిపెట్టే సెన్సర్లను వాడుకోవడం మంచిది. అయితే వాటికి తిరుగుతున్న ఫ్యానూ కదలికే.

ఐక్లర్ ఇంటి చిక్కు

కన్ను సంగతి తెలిసింది. ఇక దానికి దూరాన ఉన్న బుద్ధిని కలపాలి. కలపడానికి తీగ కావాలి, లేదా తీగ లేకుండా కబురు పంపే దారి కావాలి.

సన్నీవేల్‌లో ఈ చిక్కుకు ఒక ప్రత్యేకత ఉంది. 1940ల చివరినుండి జోసెఫ్ ఐక్లర్ అనే బిల్డరు ఈ ఊళ్ళో వందలాది ఇళ్ళు కట్టించాడు. చదునైన లేదా కొద్దిపాటి వాలుగల కప్పు, బయటికి కనబడే దూలాలు, నిలువెత్తు గాజు గోడలు, కాంక్రీటు నేలలోనే వేడినీటి గొట్టాలు. చూడముచ్చటైన ఇళ్ళే. కాని వాటికి అటకలేదు, నేలకింద ఖాళీ లేదు. కొత్త తీగ లాగుదామంటే దారి ఉండదు. నేలలో రంధ్రం చేస్తే గొట్టం తెగుతుందని భయం. ఇతర ఇళ్ళలో అటక ఉంటుంది కాని, బయటి గోడలకు గచ్చు పూతకింద ఇనుప తీగల వల ఉంటుంది. రేడియో తరంగాలకు ఆ వల ఒక తెర. ఇంట్లోని వైఫై పెరటిలో అందకపోవడానికి చాలాసార్లు కారణం అదే.

కొత్త తీగ లాగలేనివారికి తొలి ఉపాయం పాత తీగలమీదనే కబురు పంపడం. 1975లో స్కాట్లండులోని గ్లెన్‌రోతెస్‌లో పీకో ఎలక్ట్రానిక్స్ అనే సంస్థ ఎక్స్-టెన్ అనే పద్ధతిని రూపొందించింది. అమెరికాలో విద్యుత్తు సెకనుకు 60 ఆవృత్తులు చేస్తుంది; ఒక్కొక్క ఆవృత్తిలో రెండుసార్లు సున్నాను దాటుతుంది. తీగ ప్రశాంతంగా ఉన్న ఆ క్షణంలో 120 కిలోహెర్ట్‌జ్ కూతను సెకనులో వెయ్యోవంతు సేపు పంపడం, కూత ఉంటే ఒకటి, లేకుంటే సున్నా. ఇంటికి పదహారు అక్షరాలలో ఒకటి, పరికరానికి పదహారు అంకెలలో ఒకటి. మొత్తం 256 చిరునామాలు. ఒక ఆజ్ఞ చేరడానికి దాదాపు ఒక సెకను పట్టేది. 1990లలో సిలికాన్ లోయలో స్థిరపడిన ఇంజనీర్లలో పలువురి తొలి ప్రయోగం ఇదే. 1985లో సన్నీవేల్‌లో మొదలైన ఫ్రైస్ ఎలక్ట్రానిక్స్ దుకాణంలో శనివారం పూట విడిభాగాలు కొనుక్కోవడం, ఆదివారం నిచ్చెన ఎక్కడం ఆనాటి ఆచారం. ఆ సంస్థ 2021 ఫిబ్రవరిలో తన దుకాణాలన్నింటినీ మూసివేసింది.

ఎక్స్-టెన్ బలహీనత కూడా అమెరికా తీగలలోనే ఉంది. వీధిలోని ట్రాన్స్‌ఫార్మరు నుండి ఇంటికి 120 వోల్టుల పాయలు రెండు వస్తాయి. ఒక పాయమీద వేసిన కూత రెండవ పాయకు చేరాలంటే వీధిలోకి పోయి తిరిగి రావాలి. వంటింటి స్విచ్చి ఒక పాయమీద, పెరటి దీపం మరొక పాయమీద ఉంటే కబురు దారిలోనే నీరసించి పోయేది. రెండింటినీ కలిపే పరికరం వేరుగా పెట్టుకోవలసి వచ్చేది. తరువాత రేడియో పద్ధతులు వచ్చాయి. 2000 తరువాతి మొదటి సంవత్సరాలలో వచ్చిన జడ్-వేవ్ అమెరికాలో 908 మెగాహెర్ట్‌జ్ దగ్గర మాట్లాడుతుంది. జిగ్‌బీ సాధారణంగా వైఫై ఉన్న 2.4 గిగాహెర్ట్‌జ్ పట్టీలోనే మాట్లాడుతుంది. రెండింటిలోనూ విద్యుత్తుకు నేరుగా కలిపిన పరికరం పక్కదాని కబురును అందుకొని ముందుకు పంపుతుంది. గచ్చు గోడలోపల ఒకటి, బయటి పెట్టెలో ఒకటి ఉంటే చాలావరకు పని జరుగుతుంది. వేర్వేరు కంపెనీల పరికరాలకు ఒకే భాష నేర్పడానికి 2022లో మ్యాటర్ అనే ప్రమాణం వెలువడింది.

కన్నును చేయి నుండి విడదీయడం

మొదట అందరికీ తోచే మార్గం: లోపలి గోడమీది పాత స్విచ్చి తీసివేసి, కంప్యూటరు మాట వినే స్విచ్చి పెట్టడం. సులువే, కాని ఇబ్బందులు రెండు. స్విచ్చి ఆర్పితే కన్నుకు కూడా విద్యుత్తు పోతుంది. తిరిగి వేసినప్పుడు స్ఫటికం కుదుటపడడానికి అర నిమిషం నుండి ఒక నిమిషం వరకు పడుతుంది. అంతసేపూ దీపం అకారణంగా వెలుగుతుంది. రెండవది మరింత చికాకు. చాలా ఫ్లడ్‌లైట్లలో స్విచ్చిని ఒకసారి ఆర్పి రెండు సెకన్లలోపు మళ్ళీ వేస్తే ‘తెల్లవార్లూ వెలుగు’ అని అర్థం. కంప్యూటరు పొరపాటున అలా చేసినా, కరెంటు ఒక రెప్పపాటు పోయి వచ్చినా, ఆ రాత్రి పొరుగువారికి నిద్ర ఉండదు.

సరైన మార్గం కన్నును దీపం నుండి విడదీయడం. అమెరికా ఫ్లడ్‌లైటులో సెన్సరు తల నుండి సాధారణంగా మూడు తీగలు వస్తాయి. నలుపు విద్యుత్తు తెస్తుంది. తెలుపు దానిని తిరిగి తీసుకుపోతుంది. ఎరుపు, కదలిక కనబడినప్పుడు దీపాలకు విద్యుత్తు ఇస్తుంది. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. భారతదేశంలో ఎరుపు తీగలో విద్యుత్తు ఉండి, నలుపు న్యూట్రల్‌గా ఉండే పద్ధతికి అలవాటుపడినవారు, ఊళ్ళో ఫ్యూజు వేసిన ధైర్యంతో, ఇక్కడ నలుపును నిర్భయంగా పట్టుకుంటారు. అమెరికాలో నలుపే ప్రాణాంతకం. గోడ స్విచ్చి కాదు, మీటరు పెట్టెలోని బ్రేకరు ఆర్పి, పరీక్ష దీపంతో రెండుసార్లు చూసుకొన్న తరువాతనే పెట్టె విప్పాలి. ఈ పనికి లైసెన్సు గల ఎలక్ట్రీషియనును పిలవడం నామోషీ కాదు.

ఎరుపు తీగను దీపాల నుండి విప్పి, పెట్టెలో ఇమిడే చిన్న రిలే మోడ్యూలు ‘స్విచ్చి’ చెవికి కలపాలి. ఆ చెవి 120 వోల్టులను భరించగలదని మోడ్యూలు కాగితంమీద స్పష్టంగా రాసి ఉండాలి. మోడ్యూలుకు బ్రేకరు నుండి ఎడతెగని విద్యుత్తు రావాలి. దాని చేయి దీపాలకు కలుస్తుంది. సెన్సరు కింది మీటను ‘టెస్టు’ స్థానంలో ఉంచితే అది పగలూ రాత్రీ చూస్తుంది, చూసిన ప్రతిసారీ కొద్ది సెకన్లు మాత్రమే సంకేతం ఇస్తుంది. ఎంతసేపు వెలగాలన్నది ఇక పెట్టెలోని మీట నిర్ణయించదు. ఇంటి వ్యవస్థ నిర్ణయిస్తుంది.

కొన్ని సెన్సర్లలో చేతిపని చేసేది రిలే కాక ట్రయాక్ అనే అర్ధవాహకం. అది పూర్తిగా మూసుకోదు, కొద్దిపాటి విద్యుత్తు కారుతూనే ఉంటుంది. పాతకాలపు 150 వాట్ల దీపానికి ఆ కారుడు లెక్కలోనిది కాదు. కాని రిలే మోడ్యూలు చెవికి అదే ‘మనిషి వచ్చాడు’ అని వినబడవచ్చు. పగలంతా దీపం ఆరకపోతే మొదట అనుమానించవలసినది దీనినే. ఎల్.ఇ.డి. దీపాలు వెలిగే క్షణంలో ఒక్కసారిగా ఎక్కువ విద్యుత్తు గుంజి, చిన్న రిలేల కొనలను అతికించివేస్తాయి కూడా. రిలే సామర్థ్యం చూసేటప్పుడు దీపపు వాట్లు మాత్రమే చూడడం చాలదు.

అసలు జాగ్రత్త ఒకటుంది. చాలామంది కన్ను చెప్పినది కంప్యూటరుకు పంపి, కంప్యూటరు చెప్పినప్పుడే దీపం వెలిగేలా ఏర్పాటు చేస్తారు. చూడడానికి ముచ్చటగానే ఉంటుంది. కాని కంప్యూటరు తన ప్రోగ్రామును నవీకరించుకుంటున్న ఐదు నిమిషాలలోనో, ఇంటర్నెట్టు లేని రాత్రిలోనో అమ్మమ్మ మెట్టు దిగితే? మోడ్యూలే కన్నును నేరుగా వినాలి. వెంటనే దీపం వెలిగించాలి. ఆ తరువాత ఇంటి వ్యవస్థకు కబురు పెట్టాలి. వ్యవస్థ సవరించవచ్చు, వెలుగు తగ్గించవచ్చు, పొడిగించవచ్చు. వెలిగించడానికి మాత్రం దాని అనుమతి అవసరం కాకూడదు. ఈ ఒక్క నియమం పాటించని ఏర్పాటు ఎంత ఖరీదైనదైనా పాత ఫ్లడ్‌లైటు కన్నా తక్కువదే.

దీపం ఎప్పుడు, ఎంత?

బుద్ధి చేరిన తరువాత చేయగలిగినవి చాలా ఉన్నాయి, అవసరమైనవి కొన్నే. సూర్యుని లెక్క మొదటిది. విజయవాడలో దీర్ఘదినానికీ హ్రస్వదినానికీ తేడా రెండు గంటలు. 37 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటిన సన్నీవేల్‌లో ఐదు గంటలకు పైగా. జూన్‌లో ఎనిమిదిన్నరకు పొద్దుగూకుతుంది, డిసెంబరులో ఐదింటికి ముందే. ఒకే వేళకు బిగించిన గడియారం ఇక్కడ పనికిరాదు. అక్షాంశ రేఖాంశాలతో సూర్యాస్తమయాన్ని గణించుకొనే వ్యవస్థ కావాలి. పాత ఫ్లడ్‌లైట్లలో ఈ పని కాడ్మియమ్ సల్ఫైడు తునక చేసేది. చిత్రకారులు వాడే పసుపు రంగు అదే పదార్థం. వెలుతురులో దాని విద్యున్నిరోధం పడిపోతుంది. కాడ్మియమ్ విషం గనుక క్రమంగా దాని స్థానంలో సిలికాన్ వచ్చింది.

రెండవది వెలుగు మోతాదు. సాయంత్రం నుండి పడుకునే వరకు అయిదోవంతు వెలుగుతో నిలకడగా ఉంచి, కదలిక కనబడితే పెంచడం కంటికి హాయి. అర్ధరాత్రి దాటిన తరువాత ఒక్క కదలికకు పూర్తి వెలుగు అక్కరలేదు. తెల్లవారుజామున లోపలి నుండి పెరటి తలుపు తెరుచుకొని, వెంటనే కదలిక కనబడితే అది ఇంటివారే. మెత్తని వెలుగు, పది నిమిషాలపాటు. తలుపు తెరవకుండా సందు మొదట్లో కదలిక వస్తే అది వేరు సంగతి. కన్ను ఒక్కటే ఈ రెండింటికీ తేడా చెప్పలేదు. తలుపు కబురు తోడైతే చెప్పగలదు. ఆటోమేషన్ అనే మాటకు నిజమైన ప్రయోజనం ఇక్కడే కనబడుతుంది.

దీపం తల నేలవైపు వంచడానికి కంప్యూటరు అక్కరలేదు. ఇది పొరుగువారికే కాదు, ఆకాశానికి కూడా మేలు. సన్నీవేల్‌కు తూర్పున హామిల్టన్ కొండమీద 1888 నుండి పనిచేస్తున్న లిక్ వేధశాల ఉంది. దాని చూపు చెడకూడదని శాన్‌హోసే నగరం వీధులలో అల్పపీడన సోడియమ్ దీపాలు పెట్టింది. సోడియమ్ వెలుగు 589 నానోమీటర్ల దగ్గర ఒకేచోట ఉంటుంది కనుక ఖగోళశాస్త్రజ్ఞులు దానిని తేలికగా వడగట్టుకోగలరు. అందుకు కృతజ్ఞతగా 1998లో ఒక గ్రహశకలానికి శాన్‌హోసే పేరు పెట్టారు. ఎల్.ఇ.డి. వెలుగు అలా వడగట్టుకొనేది కాదు. దానిని పైకి పోనివ్వకపోవడమే మార్గం.

పని అంతా ముగిసిన తరువాత అందరూ సెన్సరు ముందు తాము నడిచి చూసి, వెలిగిందని సంతోషిస్తారు. నలభై ఏళ్ళవాడు టీ షర్టుతో చకచకా నడిస్తే ఎటువంటి సెన్సరైనా వెలుగుతుంది. పెద్దవారు చేతికర్రతో నెమ్మదిగా అడుగు వేస్తారు. కెరటం మరీ మెల్లగా లేస్తే సెన్సరు దానిని వాతావరణపు మార్పుగా భావించి వదిలివేస్తుంది. పైగా సన్నీవేల్ చలికి వారు ఒళ్ళంతా శాలువా కప్పుకొని, మంకీ క్యాపు పెట్టుకొని ఉంటారు. బయటికి కనబడే వెచ్చని చర్మం ముఖంలో కొద్దిమేర మాత్రమే. కనుక పరీక్ష వారితోనే, వారు లేచే వేళలోనే, ఆ శాలువాతోనే చేయించాలి. ఒకరు పక్కన టార్చిలైటు పట్టుకొని నడవాలి, కాస్త వెనుకగా, సెన్సరుకు కనబడకుండా. దీపం మెట్టుకు ముందు వెలగకపోతే సున్నితత్వపు మీటను పెంచి, తలను ఇంకొంచెం అడ్డంగా తిప్పి, మరుసటి తెల్లవారుజామున మళ్ళీ చూడాలి.